యోగాకి ఏ బట్టలు వేసుకోవాలి?

అద్దం ముందు నిలబడి చూసుకుంటే చాలదు, వేసుకుని ఓసారి గొంతుక్కూర్చుని లేవండి, తర్వాత ముందుకు వంగి కాలివేళ్లు అందుకోండి. నడుము ఎలాస్టిక్ పొట్టలో నొక్కుకున్నా, మోకాళ్ల దగ్గర పట్టేసినా ఆ ప్యాంటు వద్దు. టీషర్టు మరీ వదులైతే అధోముఖ శ్వానాసనంలో (చేతులు, పాదాలు నేలకి ఆనించి నడుము పైకెత్తే ఆసనం) మొహం మీదకి జారిపోతుంది, ఇక ధ్యాసంతా దాన్ని లాక్కోవడం మీదే! కాస్త ఒంటికి పట్టి ఉండేది తీసుకోండి, లేదా ప్యాంటులోకి దోపేయండి. నెమ్మదిగా చేసే ఆసనాలకి కాటన్ హాయిగానే ఉంటుంది కానీ చెమట పీల్చుకుని ఓ పట్టాన ఆరదు, అందుకే ఆపకుండా సూర్యనమస్కారాలు చేసేవాళ్లకి కొద్దిగా స్పాండెక్స్ (సాగే దారం) కలిసిన, త్వరగా ఆరే బట్ట నయం. వెనక జిప్పులు, ముడులు ఉన్నవి అసలొద్దు, వెల్లకిలా పడుకుంటే వీపులో గుచ్చుకుంటాయి. మామూలు సాక్సులు మ్యాట్ మీద జారతాయి, తీసేయండి. శవాసనానికి పక్కన ఓ శాలువా ఉంచుకోండి, కదలకుండా పడుకుంటే ఒళ్లు చల్లబడుతుంది.