యాడ్స్ లేకుండా చిన్న సేవా సంస్థ వెబ్‌సైట్ నడపాలంటే

యాడ్స్ వద్దనుకోగానే అందరూ అడిగేది మరి డబ్బులెలా వస్తాయి అని, నన్నడిగితే ముందు డబ్బులు ఎటు పోతున్నాయో చూడండి. చిన్న సంస్థ సైట్‌కి తప్పించుకోలేని ఖర్చు డొమైన్ (అంటే సైట్ అడ్రస్) రెన్యువల్ ఒక్కటే, మిగతావి చాలావరకు సున్నాకి తెచ్చుకోవచ్చు.

మీ సైట్‌లో ఉన్నది పది పదిహేను పేజీలు, కాసిని ఫొటోలే అయితే దానికి వర్డ్‌ప్రెస్ లాంటి సైట్ సాఫ్ట్‌వేర్, దాని వెనక డేటాబేస్ ఎందుకండీ? హ్యూగో, జెకిల్ లాంటి ఫ్రీ టూల్స్‌తో స్టాటిక్ సైట్ (ముందే తయారుచేసి పెట్టిన పేజీలే ఉండే సైట్) చేసి, గిట్‌హబ్ వాళ్ళ గిట్‌హబ్ పేజెస్ సర్వీస్‌లో పెట్టేస్తే హోస్టింగ్ (సైట్‌ని నెట్‌లో ఉంచే చోటు) ఫ్రీ, డొనేషన్ బటన్ పెట్టుకున్నా వాళ్ళు ఏమీ అనరు, వర్డ్‌ప్రెస్‌లోలా ప్లగిన్ (అదనంగా తగిలించే ప్రోగ్రామ్) అప్‌డేట్ చెయ్యక సైట్ హ్యాక్ అయ్యే గొడవా ఉండదు. కాకపోతే రాసేవాళ్ళకి అది కొరుకుడు పడకపోతే మాత్రం హోస్టింగ్‌కి డబ్బులు కట్టి వర్డ్‌ప్రెస్సే వాడండి, అప్‌డేట్ అవ్వని ఫ్రీ సైట్ ఎవరికి కావాలి. సైట్ https తో సురక్షితంగా తెరుచుకోవడానికి కావలసిన ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌కి విడిగా డబ్బులడిగితే మాత్రం ఇవ్వకండి, 2015 నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు ఊరికే ఇస్తున్నారు.

గిట్‌హబ్ పేజెస్‌లో సైట్ సైజు 1 జీబీ దాటకూడదు, బ్యాండ్‌విడ్త్ (సైట్ చూసేవాళ్ళకి వెళ్ళే డేటా) నెలకి సుమారు 100 జీబీ. చాలా ఎక్కువ అనిపిస్తుంది గానీ, ఫోన్‌లో తీసిన 5 ఎంబీ ఫొటో ఒక్కటి అలాగే హోమ్ పేజీలో పెట్టేస్తే 20,000 సార్లు చూసేసరికి ఆ 100 జీబీ అయిపోయినట్టే. అదే ఫొటోని 1200 పిక్సెల్స్ వెడల్పుకి తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లో సేవ్ చేస్తే మామూలుగా 200 కేబీ లోపే వస్తుంది, అప్పుడు అన్నే వ్యూస్‌కి 4 జీబీ. వీడియోలైతే యూట్యూబ్‌లో పెట్టి లింక్ ఇవ్వడమే.

ఇక అసలు ప్రమాదం డొమైన్‌తోనే. ఎవరో వాలంటీర్ తన సొంత మెయిల్‌తో కొంటాడు, రెండేళ్ళకి వేరే ఉద్యోగంలో పడి గ్రూప్‌లో కనపడడు, రెన్యువల్ రిమైండర్లు మాత్రం అతనికే వెళ్తుంటాయి. అందుకే అకౌంట్ సంస్థ పేరు మీద, సంస్థ మెయిల్‌తోనే ఉండాలి, లాగిన్ కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. ఆటో రెన్యువల్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉంటే కార్డ్ ఎక్స్‌పైర్ అయి ఆగిపోతుంది. డాట్ ఆర్గ్, డాట్ కామ్ అయితే ఒకేసారి 10 ఏళ్ళ దాకా కట్టుకోవచ్చు, మంచి డొనేషన్ వచ్చిన ఏడాది ఆ పని చేసెయ్యండి. కొనేటప్పుడు మొదటి ఏడాది ఆఫర్ రేటు కాదు, రెన్యువల్ రేటు చూడండి.

డొనేషన్ పేజీలో "మమ్మల్ని ఆదుకోండి" అని రాస్తే ఎవరూ కదలరు. డొమైన్‌కి ఇంత, మెయిల్‌కి ఇంత, ఈ ఏడాది ఇంకా ఇంత తక్కువైంది అని లెక్క పెట్టండి, పెద్ద మొత్తం ఒకసారి కంటే చిన్న మొత్తం నెలనెలా ఇచ్చేవాళ్ళు దొరికితే మేలు. వికీపీడియా కూడా యాడ్స్ లేకుండా విరాళాల మీదే నడుస్తోంది, కాకపోతే వాళ్ళలా పేద్ద బ్యానర్లు మనకొద్దు, ఏడాదికోసారి అడిగితే చాలు.

"మీ సైట్‌లో గెస్ట్ పోస్ట్ వేస్తే డబ్బులిస్తాం" అని మెయిల్స్ వస్తాయి చూడండి, బయటివాళ్ళు తమ లింకుల కోసం రాసిచ్చే ఆ పోస్టులు దొడ్డిదారి యాడ్సే, డిలీట్ కొట్టెయ్యండి.

బ్యాకప్ నెలకోసారి వేరే చోట దాచండి, ముఖ్యమైన పేజీల్ని వెబ్ పేజీల కాపీలు భద్రపరిచే వేబ్యాక్ మెషీన్‌లో కూడా సేవ్ చేసి పెట్టండి, దానికీ పైసా ఖర్చు లేదు.