కరెంటు పోయినా ఆగని పని – 3వ పాఠం: బ్యాటరీ ఎంతసేపు వస్తుంది?

కిందటి పాఠంలో ఏ వస్తువు ఎన్ని వాట్లు తింటుందో రాసుకోమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఈ లెక్కకి డెస్క్‌టాప్ 85 వాట్లు, మానిటర్ 25, వైఫై రూటర్ 10 అనుకుందాం. మొత్తం 120.

యూపీఎస్ అంటే కరెంటు పోగానే బ్యాటరీతో కంప్యూటర్‌ని నడిపే డబ్బా. దాని మీద పెద్దక్షరాల్లో 600 వీఏ (వోల్ట్-ఆంపియర్లు) అని ఉంటుంది. చాలామంది దాన్నే వాట్లు అనుకుంటారు. డబ్బా తిప్పి చూడండి, వెనక చిన్నక్షరాల్లో 360 వాట్లు అని కనిపించవచ్చు. మనకి కావలసింది ఆ చిన్న అంకె. అదైనా ఎంత లోడు మోయగలదో చెబుతుందే గాని, ఎంతసేపు మోస్తుందో చెప్పదు. అది చెప్పేది లోపలున్న బ్యాటరీ.

చిన్న యూపీఎస్‌లలో తరచుగా ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ. రెండూ గుణిస్తే 84 వాట్-అవర్లు. 120తో భాగిస్తే 0.7 గంట, అంటే 42 నిమిషాలు. కానీ అంతసేపు రాదు. ఆ 7 అన్నది బ్యాటరీని 20 గంటలపాటు నెమ్మదిగా, గంటకి కాస్త చొప్పున వాడితే వచ్చే లెక్క. మనం ఒక్కసారిగా 10 ఆంపియర్లు (120 వాట్లని 12 వోల్టులతో భాగిస్తే) లాగుతున్నాం. అలా లాగితే అది త్వరగా చేతులెత్తేస్తుంది. బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటుని ఇంట్లో వాడే ఏసీగా మార్చడంలో పోయేది వేరే. కొత్త బ్యాటరీ అయినా పావుగంట వస్తే గొప్పే. ఫైల్ సేవ్ చేసి కంప్యూటర్ ఆపడానికి అది చాలు. సినిమా చూడటానికి చాలదు.

లేజర్ ప్రింటర్‌ని మాత్రం దీనికి తగిలించకండి. కాగితం వేడి చేసేటప్పుడు అది వందల వాట్లు లాగుతుంది.

ఇంటర్నెట్ ఒక్కటే కావాలంటే ఇంత హంగామా అక్కర్లేదు. రూటర్ అడాప్టర్ మీద అవుట్‌పుట్ అన్నచోట చూడండి: 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉందా? అయితే డీసీ మినీ యూపీఎస్, అంటే రూటర్‌కి నేరుగా డీసీ ఇచ్చే చిన్న బ్యాటరీ డబ్బా, సరిపోతుంది. బ్యాటరీలోని డీసీని ఏసీ చేసి, అడాప్టర్‌లో మళ్ళీ డీసీ చేసే వృథా అంతా తప్పుతుంది. నా మొదటి సలహా ఎప్పుడూ ఇదే. ఒక్క జాగ్రత్త: 9 వోల్టుల రూటర్‌కి 12 వోల్టులు ఇస్తే కాలిపోవచ్చు. వోల్టేజీ, పిన్ పోలారిటీ (పిన్‌లో ప్లస్, మైనస్ ఎటున్నాయో) రెండూ కలవాలి.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఉన్న అడాప్టర్లన్నీ తిప్పి, అవుట్‌పుట్ వోల్టులు, ఆంపియర్లు రాసుకోండి. గంటల తరబడి కరెంటు పోయేచోట పనికొచ్చే ఇన్వర్టర్, సైన్ వేవ్ సంగతి వచ్చే పాఠంలో.