కేటలిస్ట్ స్విచ్‌లో స్టార్టప్ కాన్ఫిగ్: ఎప్పుడు సేవ్ చేయాలి, ఏది బ్యాకప్ తీయాలి

నెట్‌వర్క్‌లోని పరికరాలను కలిపే సిస్కో కేటలిస్ట్ స్విచ్‌లో కమాండ్ ఇచ్చి ఎంటర్ నొక్కగానే అది అమలులోకి వస్తుంది, కానీ చేరేది ర్యామ్‌లోని రన్నింగ్ కాన్ఫిగ్‌లోకి (ప్రస్తుతం నడుస్తున్న అమరికల్లోకి) మాత్రమే. కరెంటు పోయి వచ్చినప్పుడు స్విచ్ చదివేది స్టార్టప్ కాన్ఫిగ్‌ను. 2960 వంటి మోడళ్లలో అది ఫ్లాష్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) ‘కాన్ఫిగ్.టెక్స్ట్’ అనే ఫైలుగా ఉంటుంది. ‘కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్’ ఇచ్చేదాకా మన మార్పులు అందులోకి చేరవు.

దూరం నుంచి పనిచేసేవారికి ఈ తేడాయే రక్ష. పని మొదలుపెట్టే ముందు, వేరొకరు సేవ్ చేయకుండా వదిలేసిన మార్పులేమైనా ఉన్నాయేమో రెండు కాన్ఫిగ్‌లనూ పోల్చి చూసుకుని, ‘రీలోడ్ ఇన్ 10’ (పది నిమిషాల తరువాత రీబూట్ కమ్మనే కమాండ్) ఇవ్వాలి; సేవ్ చేయమంటారా అని అప్పుడు స్విచ్ అడిగితే ‘నో’ అనాలి. ఉదాహరణకు, అనేక వీలాన్లను (ఒకే స్విచ్‌లో విడదీసిన వేర్వేరు నెట్‌వర్క్‌లను) మోసే ట్రంక్ పోర్టుకు వీలాన్ 30ని చేర్చబోయి ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ యాడ్ 30’లో ‘యాడ్’ మరిచిపోతే, పాత జాబితా అంతా పోయి 30 ఒక్కటే మిగులుతుంది, స్విచ్‌ను నిర్వహించేందుకు వాడే మేనేజ్‌మెంట్ వీలాన్ కూడా ఆ ట్రంక్ మీదే వస్తుంటే, దూరం నుంచి లాగిన్ అయిన మన ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ అక్కడికక్కడే తెగిపోతుంది. అయినా పది నిమిషాల్లో స్విచ్ తనంతట తానే రీబూట్ అయి పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా సవ్యంగా ఉంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ ఇచ్చి, ఆ తరువాతే సేవ్ చేయాలి. ప్రతి కమాండ్ వెంట అలవాటుగా ‘రైట్ మెమరీ’ (సేవ్ చేసే మరో కమాండ్) కొట్టేవారు ఈ వెసులుబాటును చేజేతులా పోగొట్టుకుంటారు.

సేవ్ చేసిన ఫైలుకు స్విచ్ బయట కూడా ఒక ప్రతి ఉండాలి. ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా పంపే టీఎఫ్‌టీపీకి పాస్‌వర్డూ లేదు, ఎన్‌క్రిప్షనూ లేదు. పైగా కాన్ఫిగ్‌లోని టైప్ 7 పాస్‌వర్డ్‌లను (సిస్కో బలహీనమైన పద్ధతిలో మరుగుపరిచేవి) ఇట్టే విప్పవచ్చు కనుక, ఎన్‌క్రిప్షన్‌తో ఫైళ్లను పంపే ఎస్‌సీపీ వాడటమే మేలు. ‘ఆర్కైవ్’ కమాండ్ కింద ‘పాత్’ (ఫైలు చేరాల్సిన చోటు), ‘రైట్-మెమరీ’ అమర్చుకుంటే సేవ్ చేసిన ప్రతిసారీ ఒక కాపీ దానంతట అదే తయారవుతుంది.

అయితే స్విచ్‌కు సంబంధించిన సమస్తమూ ఈ ఫైలులో ఉండదు. వీటీపీ (వీలాన్ల జాబితాను స్విచ్‌ల మధ్య పంచే సిస్కో ప్రోటోకాల్) సర్వర్ మోడ్‌లో వీలాన్ల వివరాలు ఫ్లాష్‌లోని ‘వీలాన్.డాట్’లో ఉంటాయి, ట్రాన్స్‌పరెంట్ మోడ్‌లోనైతే కాన్ఫిగ్‌లోనూ కనిపిస్తాయి. అందుకే పాత స్విచ్‌ను వేరే చోట వాడబోయే ముందు స్టార్టప్ కాన్ఫిగ్‌ను చెరిపే ‘రైట్ ఎరేజ్’ ఒక్కటే సరిపోదు, వీలాన్.డాట్‌ను కూడా తొలగించాలి.

బ్యాకప్‌ను తిరిగి ఎక్కించేటప్పుడు రన్నింగ్ కాన్ఫిగ్‌లోకి కాపీ చేస్తే, ఉన్న లైన్లు పోకుండా కొత్తవి వాటితో కలిసిపోతాయి. పూర్తిగా పాత స్థితికి వెళ్లాలంటే ‘కాన్ఫిగర్ రీప్లేస్’ వాడాలి. చెడిపోయిన స్విచ్ స్థానంలో కొత్తది పెడుతున్నట్లయితే ఎస్‌ఎస్‌హెచ్‌కు కావలసిన పాత ఆర్‌ఎస్‌ఏ కీలు (ఎన్‌క్రిప్షన్ తాళాలు) బ్యాకప్‌తో రావు కనుక, స్విచ్‌కు నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ తీసేలోపే ‘క్రిప్టో కీ జనరేట్ ఆర్‌ఎస్‌ఏ’ ఇచ్చి, ఎస్‌ఎస్‌హెచ్‌తో ఒకసారి లాగిన్ అయి చూసుకోవాలి.