షుగర్ ఉన్నవాళ్ల గ్రూపు నడపడం ఎలా?

షుగర్ ఉన్నవాళ్ల కోసం ఒక గ్రూపు పెట్టడం తేలికే. మూడో నెల దాకా దాన్ని నిలబెట్టడమే కష్టం. నేను చూసిన గ్రూపుల్లో ఎక్కువ భాగం ఒకే కారణంతో మూతపడ్డాయి. వచ్చినవాళ్లు వచ్చేటప్పటి కంటే ఎక్కువ టెన్షన్‌తో ఇంటికి వెళ్లేవాళ్లు. మళ్లీ ఎందుకొస్తారు?

ముందు మనుషులు. ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. పదమూడో మనిషి వస్తే గ్రూపుని రెండు చేయండి, ఇందులో మొహమాటం వద్దు. టైప్ 1 ఉన్నవాళ్లు ఒక్కరే వస్తే వాళ్లకి తోడుగా టైప్ 1 ఉన్న ఇంకొకరిని వెతకండి. లేకపోతే పదిమంది టైప్ 2 (ఎక్కువమందికి ఉండే షుగర్ రకం) వాళ్లు చేరి "కాస్త నడవండి, అదే తగ్గిపోతుంది" అంటారు. టైప్ 1లో శరీరం ఇన్సులిన్‌ని దాదాపు తయారు చేయదు. వాళ్లు ఇన్సులిన్ మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. నడిస్తే పోయే సంగతి కాదది.

చోటు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను: మెట్లు ఎక్కే పని ఉండకూడదు, బాత్రూమ్ దగ్గర్లో ఉండాలి. కుర్చీలు గుండ్రంగా వేయండి. మైకు, వేదిక, ముఖ్య అతిథి, ఏవీ వద్దు. నెలకోసారి, అదే వారం, అదే టైం, గంటంబావు. భోజనం వేళ దాటనివ్వకండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోవచ్చు.

సామాన్లలో తప్పనిసరి ఒక్కటే, గ్లూకోజ్ పొడి. ఎవరికైనా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే వెంటనే వాళ్ల షుగర్ మీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ గానీ, ఒక టేబుల్ స్పూన్ చక్కెర గానీ నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. ఇంకా పెరగకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. మీటర్ చేతికి అందకపోతే దాని కోసం వెతుకుతూ కూర్చోకుండా ముందు గ్లూకోజ్ ఇచ్చేయండి. చాక్లెట్ ఇవ్వకండి, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకండి, అంబులెన్స్‌ని పిలవండి.

కొందరు ఒక మీటర్ పెట్టి అందరికీ వరసగా వేలు పొడుస్తారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. వేలు పొడిచే పెన్ను ఒకరిది ఇంకొకరు వాడితే, సూది మార్చినా సరే, హెపటైటిస్ బి లాంటివి అంటుకోవచ్చు. ఎవరి మీటర్, ఎవరి పెన్ను వాళ్లే తెచ్చుకోవాలి. రెండు మీటర్లు పక్కపక్కన పెట్టి "నీది తప్పు, నాది రైటు" అనే పంచాయితీ కూడా పెట్టనివ్వకండి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2013లో పెట్టిన ప్రమాణం ప్రకారం, షుగర్ 100 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నప్పుడు మీటర్ ల్యాబ్ ఫలితానికి 15 శాతం అటూఇటూగా చూపించినా సరైనదే. అసలు షుగర్ 200 ఉంటే ఒకటి 175, ఇంకొకటి 225 చూపించొచ్చు. రెండూ పాసే.

ఇక అసలు పని, మాట్లాడే వంతు. అందరూ చెడగొట్టేది దీన్నే, కాబట్టి ఇక్కడ తొందరపడను.

ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ మిగతావాళ్లు నోరు విప్పకూడదు. "ఈ నెల ఎలా గడిచింది?" అని మొదలుపెట్టండి. "ఈ నెల ఎంత వచ్చింది?" అని అడిగారా, పరీక్ష మార్కులు చదివినట్టు తయారవుతుంది. మార్కులు తక్కువ వచ్చినవాళ్లు వచ్చే నెల కనబడరు.

ఒకసారి ఒక పెద్దాయన తొలిసారి వచ్చి, తన హెచ్‌బీఏ1సీ 9.4 అని చాలా మెల్లగా చెప్పారు. అది రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష, అంటే ఆయన ఒక్క పూట తప్పు చెప్పలేదు, మూడు నెలల బరువు దించుకున్నారు. పక్కనుంచి ఒకరు "అయ్యో, అంత పెరిగేదాకా ఏం చేస్తున్నారండీ?" అనేశారు. నడిపిస్తున్నది నేనే, అప్పుడు నేను ఊరుకున్నాను. ఆయన ఇంకెప్పుడూ రాలేదు. అందుకే ఇప్పుడు ఒకరు చెప్పడం ముగించగానే మొదటి మాట నేనే అందుకుంటాను. "చెప్పినందుకు సంతోషమండీ. ఇందులో మీకు దేనితో ఎక్కువ ఇబ్బందిగా ఉంది?" అంటాను. అంతే. ఆ ప్రశ్నకి జవాబు వచ్చేదాకా గదిలో నిశ్శబ్దం ఉన్నా కంగారు పడకండి. ఎవరైనా ఏడిస్తే మాట మార్చకండి.

సలహా అడిగితేనే చెప్పాలి, అది కూడా "మీరు ఇలా చేయండి" అని కాదు, "నేను ఇలా చేశాను" అని. మందు పేరు, డోసు విషయంలో ఆ వెసులుబాటు కూడా లేదు. "నాకు ఈ బిళ్లతో భలే తగ్గింది" అని ఒకరు చెబితే ఇంకొకరు అదే కొనుక్కుని వేసుకోవడం నేను కళ్లారా చూశాను. ఆ రాత్రి షుగర్ పడిపోయి ఆస్పత్రిలో చేరారు. షుగర్ బిళ్లల్లో మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకుంటే షుగర్ అలా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అనే బిళ్ల మాత్రం క్లోమాన్ని పిండి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, తిన్నారా లేదా అన్నది దానికి పట్టదు. కిడ్నీలు సరిగా లేనివాళ్లకి ఇంకా ప్రమాదం. కాబట్టి డోసు మాట రాగానే "అన్నయ్యా, అది డాక్టర్‌తో" అని అక్కడే ఆపేయండి. కోపం తెచ్చుకుంటే తెచ్చుకోనివ్వండి.

ఎవరైనా మందు మానేశామన్నా, బతకాలని లేదన్నా, దాన్ని నలుగురిలో సాగదీయకండి. పక్కకి తీసుకెళ్లి మాట్లాడి, ఆ రోజే డాక్టర్‌తో, ఇంట్లోవాళ్లతో కలపండి. మరీ ప్రమాదంలో ఉన్నారనిపిస్తే వాళ్లని ఒంటరిగా వదలకండి.

డాక్టర్‌ని ప్రతి నెలా పిలిచే గ్రూపులున్నాయి. నేను మూడు నెలలకోసారి, అదీ చివరి అరగంటకే పిలుస్తాను. డాక్టర్ కూర్చుంటే అందరూ రిపోర్టులు పట్టుకుని క్యూ కడతారు, ఒకరి మాట ఒకరు వినరు. షుగర్‌ని సమూలంగా మాయం చేస్తామనే పొడులవాళ్లు కూడా ఎలాగో వాసన పట్టి వస్తారు. గుమ్మంలోనే దండం పెట్టి పంపించేయండి.

కొత్తగా వచ్చినవాళ్లకి రెండు రోజుల్లో ఒక ఫోన్ చేయండి. షుగర్ ఎంతుందని అడక్కండి. "వచ్చే నెల మీకూ కుర్చీ వేయమంటారా?" అని అడిగి, వాళ్లేమన్నా సరేనని పెట్టేయండి.