మెస్ వంటవాళ్లకు స్టూల్ కల్చర్ ఎలా చేయించాలి?

బెంగళూరులో ఆంధ్రా మెస్సులు, పీజీ హాస్టళ్లు నడిపే చాలామంది ఏడాదికోసారి వంటవాళ్లకు వైడాల్ రక్తపరీక్ష చేయించి, సర్టిఫికెట్ గోడకు తగిలించి ఊరుకుంటారు. ఒంట్లో బాగానే ఉన్న మనిషి పేగుల్లో టైఫాయిడ్ క్రిమి దాగి ఉందో లేదో వైడాల్ తేల్చదు. ఏ మందుకు లొంగుతుందో అసలే చెప్పదు. దానికి స్టూల్ కల్చర్ (మలంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష), సెన్సిటివిటీ (ఆ క్రిమి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) చేయించాల్సిందే.

1. ల్యాబ్‌లో సాల్మొనెల్లా (టైఫాయిడ్ క్రిమి ఈ జాతిదే), షిగెల్లా (రక్త విరేచనాల క్రిమి) రెండూ చూస్తారని ముందే ఖాయం చేసుకోండి. చాలా మందులకు లొంగని ఈఎస్‌బీఎల్ ఈ.కోలై అనే పేగు క్రిమి కోసం అందరికీ పరీక్ష అక్కర్లేదు. మన దేశంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ అది మామూలే.

2. స్పూన్ ఉన్న స్టెరైల్ డబ్బా తీసుకోండి. పేరు, తేదీ, టైము మూత మీద కాదు, డబ్బా మీదే రాయాలి. మూతలు మారిపోతాయి.

3. శాంపిల్. అంతా చెడేది ఇక్కడే.

యాంటీబయాటిక్ వేసుకున్నవాళ్ల శాంపిల్‌లో క్రిమి ఉన్నా కల్చర్‌లో పెరగకపోవచ్చు, రిపోర్టు శుభ్రంగా వచ్చేస్తుంది. "మందులు వాడావా?" అంటే లేదనే అంటారు. "ఈ నెలలో జ్వరానికో, విరేచనాలకో, పంటినొప్పికో మెడికల్ షాపులో గోలీ కొన్నావా? స్ట్రిప్ చూపించు" అని అడగండి. వాడి ఉంటే, కోర్సు అయ్యాక కనీసం వారం ఆగండి.

మూత్రం, నీళ్లు కలవకూడదు. ఇండియన్ టాయిలెట్ అయితే శుభ్రమైన ప్లాస్టిక్ కవర్ పరిచి, దాని మీంచి స్పూన్‌తో తీయాలి. జిగట, రక్తం కనిపిస్తే ఆ భాగమే తీయాలి. 2 గంటల్లో ల్యాబ్‌కు చేరాలి. షిగెల్లా బయట తొందరగా చచ్చిపోతుంది. సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్‌ను నమ్ముకోకుండా ల్యాబ్ నుంచి కేరీ-బ్లెయిర్ ట్యూబు (దారిలో క్రిమి చావకుండా కాపాడే పదార్థం ఉన్నది) ముందే తెచ్చుకోండి.

ఒక్క శాంపిల్ చాలదు. క్రిమి రోజూ మలంలో బయటపడదు, అందుకే 48 గంటల ఎడంతో మూడు ఇవ్వాలి. పని పోతుందన్న భయంతో వేరేవాళ్ల శాంపిల్ తెచ్చిచ్చేవాళ్లూ ఉంటారు. ఏం తేలినా జీతం ఆగదని మొదటిరోజే చెప్పండి.

4. పాజిటివ్ వస్తే మీరే గోలీలు ఇప్పించకండి. టైఫాయిడ్ కాని మామూలు సాల్మొనెల్లా ఉండి, బాధేమీ లేని పెద్దవాళ్లకు యాంటీబయాటిక్ వల్ల మేలు లేదు, క్రిమి ఇంకా ఎక్కువకాలం బయటపడొచ్చు. టైఫాయిడ్ క్రిమి అయితే సెన్సిటివిటీ రిపోర్టుతో డాక్టర్ దగ్గరకు పంపండి. సిప్రోఫ్లాక్సాసిన్‌కు అది ఇప్పుడు చాలావరకు లొంగడం లేదు. ఏళ్ల తరబడి ఈ క్రిమిని మోసేవాళ్లలో పిత్తాశయంలో రాళ్లు ఎక్కువ, స్కానింగ్ గురించి కూడా అడగండి. డాక్టర్ సరేననేదాకా ఆ మనిషిని వంట, వడ్డన దగ్గరికి రానీయకండి.

5. మందుకు లొంగని క్రిమి కూడా సబ్బుకూ, మరిగే వేడికీ లొంగుతుంది. ప్రమాదం ఎక్కువగా వండాక చెయ్యి తగిలే వాటితో, వండకుండా వడ్డించే వాటితోనే: పెరుగు పచ్చడి, తరిగిన ఉల్లిపాయ, చట్నీ. టాయిలెట్ నుంచి వచ్చాక 20 సెకన్లు సబ్బుతో గోళ్ల సందులదాకా రుద్దాలి. జిడ్డు చేతుల మీద శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. విరేచనాలు పట్టుకుంటే, అవి ఆగాక ఇంకో 48 గంటలు జీతంతో సెలవు ఇవ్వండి.