త్రివర్ణ పతాకాన్ని కొలతల ప్రకారం గీయడం – మూడో పాఠం: చక్రం

పోయిన పాఠం తరువాత అందిన చిత్రాలలో చాలావాటిలో చక్రం తెల్లపట్టీని దాటి, పైన కాషాయంలోకీ కింద ఆకుపచ్చలోకీ చొచ్చుకుపోయింది. 225 × 150 మిల్లీమీటర్ల జెండాకు చక్రం వ్యాసం 40 మి.మీ. అని చెబితే, వృత్తలేఖినిని 40కి తెరిచారు, తెరవవలసింది 20కి. కనుక రంగుల పనిని వాయిదా వేసి, ఈసారి చక్రం దగ్గరే ఆగుదాం. పట్టీల విభజనను మళ్లీ వివరించను.

మరికొందరు 37.5 మి.మీ. వ్యాసంతో గీశారు. చక్రం తెల్లపట్టీలో ముప్పావు వంతు ఉండాలన్న సూత్రం ఎక్కడ పుట్టిందో గాని, ఎంత చెప్పినా వదలదు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన తీర్మానం, చక్రం వ్యాసం తెల్లపట్టీ వెడల్పుకు దాదాపు సమానంగా ఉండాలన్నది. ప్రామాణిక కొలతలు చూడండి: 900 × 600 జెండాలో పట్టీ 200, చక్రం 185, 450 × 300లో పట్టీ 100, చక్రం 90, కార్లకు కట్టే 225 × 150లో పట్టీ 50, చక్రం 40. బల్లమీద పెట్టే 150 × 100 జెండాకు వచ్చేసరికి మాత్రమే చక్రం 25కు తగ్గి, మీ ముప్పావు సరిపోతుంది. జెండా చిన్నదయ్యేకొద్దీ చక్రం అంతకంటే ఎక్కువగా తగ్గుతుంది కాబట్టి, ఒక కొలతను గుణించి మరొకటి రాబట్టకండి, పట్టిక చూడండి.

ఇక 24 ఆకులు, అంటే కేంద్రం నుంచి అంచుదాకా సాగే చక్రపు కమ్మీలు. ఇంత చిన్న వృత్తంలో కోణమానిని నాకు నచ్చదు. పెన్సిల్ మొన మందమే ఒక డిగ్రీని మింగేస్తుంది. అదే కేంద్రంతో 60 మి.మీ. వ్యాసార్ధపు వృత్తాన్ని లేతగా గీసి, నిలువు వ్యాసాన్ని గీయండి. పై చుక్క నుంచి కింది చుక్క వరకు, ఒక పక్క మాత్రమే, అదే వ్యాసార్ధంతో అడుగులు వేస్తే మూడు చాపాలు వస్తాయి. ఒక్కొక్కదాన్ని రెండుసార్లు సగం చేస్తే పన్నెండు భాగాలు. ప్రతి చుక్క నుంచి కేంద్రం మీదుగా ఆవలి అంచుదాకా గీత లాగాలి. కింది చుక్క మొదటి గీతకే చెందుతుంది. దాన్ని పదమూడోదిగా లెక్కపెట్టకండి. పన్నెండు గీతలే ఇరవై నాలుగు ఆకులు. ఆకు రెండు కొసలా సన్నగా, నడిమికన్నా కాస్త కేంద్రంవైపు వెడల్పుగా ఉంటుంది. రెండేసి ఆకుల నడుమ అంచు లోపల చిన్న చుక్క మరువకండి.

1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి నమూనా చూపిన తరువాత రూపుదిద్దుకున్న జెండాలోనూ, 1931 నాటి జెండాలోనూ ఉన్నది రాట్నం. రాట్నానికి ఒక వైపు చక్రం, మరో వైపు కదురు. వెనుక నుంచి చూస్తే తారుమారవుతుంది. ఈ చిక్కునే నెహ్రూ సభలో వివరించారు. రాట్నం బదులు తీసుకున్న, సారనాథ్‌లోని అశోక స్తంభశీర్షం మీది చక్రానికి ఆ ఇబ్బంది లేదు. విశాఖ బీచ్ రోడ్డులో సముద్రపు గాలి ఎటు తిప్పినా, జెండాలో చక్రం ఒకేలా కనిపిస్తుంది. అది ధర్మానికీ చలనానికీ గుర్తు అని రాధాకృష్ణన్ చెప్పిన అర్థం తెలిసిందే.

అభ్యాసం: 900 × 600 మి.మీ. కాగితానికి రెండు వైపులా, కోణమానిని లేకుండా, 185 మి.మీ. వ్యాసపు చక్రాన్ని ముదురు నీలం సిరాతో గీయండి. కేంద్రం వద్దా నిలువు వ్యాసం కొసల వద్దా గుండుసూదితో గుచ్చి, వెనుకవైపు ఆ రంధ్రాల నుంచే మొదలుపెట్టాలి. కిటికీకి ఆనించి చూసినప్పుడు ఒక్క ఆకైనా రెండుగా కనిపిస్తే, కొత్త కాగితం తీసుకోండి.