వియత్నాం చరిత్ర పిల్లలకు ఎలా చెప్పాలి

దేవరకొండలో పదో తరగతి పిల్లలకు సోషల్ చెప్తాను. వియత్నాం అనగానే 1858లో ఫ్రెంచివాళ్లు దిగారు, 1954లో దియెన్ బియెన్ ఫూలో ఓడారు అని రాయించి వదిలేయడం అలవాటైపోయింది. మార్కులకు సరిపోతుంది గానీ, ఇన్నిసార్లు దండెత్తి వచ్చినా ఆ జనం ఎలా నిలిచారో పిల్లలకు తెలియదు.

ముందు మ్యాప్ పరవండి. ఉత్తరాన చైనా, తూర్పున సముద్రం, మధ్యలో వరి పండే ఎర్ర నది డెల్టా. క్రీ.పూ. 111లో చైనాను ఏలిన హాన్ వంశపు సైన్యం ఇటే ఎందుకొచ్చిందో పిల్లలే చెప్పేస్తారు.

బాక్ డాంగ్ నదికి మాత్రం ఒక పీరియడ్ పూర్తిగా ఇవ్వండి. 938లో వియత్నాం సేనాని న్గో క్వెన్ ఆ నది అడుగున ఇనుప మొనల గుంజలు పాతించాడు. పోటు మీద చైనా ఓడలను లోపలికి రప్పించి, ఆటు మొదలవగానే తిరగబడ్డాడు. 1288లో మంగోలులకూ అక్కడే అదే గతి పట్టింది. మా పిల్లల్లో చాలామంది సముద్రం చూడలేదు, ఆటుపోట్లు మాటల్లో చెప్తే ఎక్కవు. అందుకే టబ్బు అడుగున కుంట మట్టి మెత్తి, చీపురు పుల్లలు ఏటవాలుగా గుచ్చండి. మొనలు మునిగేలా నీళ్లు పోసి, కొబ్బరి చిప్పలో నాలుగు రాళ్లేసి దారంతో లాగండి. హాయిగా పోతుంది. గ్లాసుతో నీళ్లు తోడేసి వెనక్కి లాగండి. చిప్ప పుల్లలకు తట్టుకుని ఆగిపోతుంది. ఆ క్షణంలో క్లాసంతా లేచి నిలబడుతుంది.

చైనా మింగ్ వంశపు పాలనకు (1407–1427) రెండు మాటలు చాలు.

తర్వాత బోర్డు మీద ప్రతి దండయాత్రకూ మూడు గడులు గీయండి: దేనికొచ్చారు, ఎలా ఏలారు, పోయాక ఏం మిగిలింది. మూడో గడే అసలైనది. చైనా లిపిలో కొలువు పరీక్షలు 1919 దాకా సాగాయి. మిషనరీలు రూపొందించిన రోమన్ లిపిని ఫ్రెంచివాళ్లు పాలన కోసం వాడారు. ఫ్రెంచి పాలనను వ్యతిరేకించినవాళ్లూ జనానికి చదువు నేర్పడానికి దాన్నే పట్టుకున్నారు. నాకు ఈ పాఠంలో బాగా నచ్చే చోటు ఇదే.

ఒక్కటి మాత్రం దాచకండి. 1471లో వియత్నాం రాజు లే థాన్ టోంగ్ దక్షిణాన ఉన్న పొరుగు రాజ్యం చంపా మీద పడి, దాని రాజధాని విజయను పట్టుకున్నాడు. 'మీ సోన్' అనే చోట ఉన్న శివాలయాలు ఆ చంపా రాజులు కట్టించినవే. "అయితే సార్, వీళ్లూ దండెత్తినోళ్లేనా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అవునని చెప్పి, చంపాకూ ఒక వరుస గీసి, గడులు వాళ్లనే నింపమనండి.